ఎర్రనీళ్ళ పాఠం

చింతామణి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మా మేనత్త, ఇంట్లో ఏ పెళ్ళయినా హారతికి ఎర్రనీళ్ళు తానే కలిపేది. పసుపునీళ్ళలో సున్నం పడి రంగు తిరగ్గానే, తల నిటారుగా పెట్టి పళ్ళెం అందరికీ చూపించేది.

"ఎలక్ట్రాన్లు ఏ వెలుగంటే ఆ వెలుగు మింగవు. అవి తిరిగే జాగాకు సరిపోయేదే మింగుతాయి. సున్నం తగిలితే పసుపులో ఆ జాగా పెరుగుతాది. మింగే వెలుగు మారి ఎరుపు తేలుతాది. క్వాంటమ్ అంటే ఇదే."

బాగేపల్లిలో అంగడి నడిపే మా నాయన విసుక్కునేవాడు. "పెండ్లికొడుకు ఎండలో నిలబడుకోనుండాడు. పాఠం చాలక్కా."

"వాణ్ని గూడా విననీ లేరా," అనేది. చెప్పడం పూర్తయితేనే పళ్ళెం తిప్పేది.

ఆమె పోయాక మా ఇంట్లో జరిగిన మొదటి పెళ్ళి తమ్ముడిది. కొత్త జంట గడప ముందు నిలబడింది. మా చెల్లెలు ఎర్రనీళ్ళు కలిపి పళ్ళెం ఎత్తింది. నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండమ్మా. రంగు ఎందుకు మారిందో చెప్పకుండా ఎట్ల తిప్పుతావు?"

చెల్లెలు నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే ఆయన గొంతు సవరించుకుని, తల నిటారుగా పెట్టి, కొత్త కోడలి వైపు తిరిగాడు.

"ఎలక్ట్రాన్లు ఏ వెలుగంటే ఆ వెలుగు మింగవమ్మా. మా అక్క చెప్పేది."