ఆదివారం ఆరేసిన వల

ఆ ఆదివారం ఉదయం దరియాలతిప్ప దగ్గర గోదావరి గట్టున ఉన్నవి ఇవి: పదడుగుల ఎడంలో రెండు సరుగుడు చెట్లు, రెండు నైలాన్ తాళ్ళు, ఒక దోమతెర, వానొస్తే పైన కట్టడానికి ఒక టార్పాలిన్, ఒక చేపల వల. మనిషిని నేనొక్కడినే. వల నాది కాదు.

అప్పుడు పాలిటెక్నిక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఏదో ఇంగ్లీషు పత్రికలో, అడవిలో చెట్ల మధ్య ఉయ్యాల కట్టుకుని పడుకున్న మనిషి ఫొటో చూశాను. సెలవుల్లో నేనూ ఒక రాత్రి గట్టున అలా గడపాలనుకున్నాను. నోటుబుక్కులో పట్టిక గీశాను. దుప్పటి: చెమటకు తడుస్తుంది, సాగుతుంది. గోనెపట్టా: బరువు, గరుకు. వల: తేలిక, గాలి ఆడుతుంది. నా బరువు యాభై ఎనిమిది కిలోలు. మడతలు వేస్తే వల మోస్తుందని లెక్క తేలింది.

ఆ వల గట్టున ఇల్లున్న ఒక జాలరిది. భార్యాభర్తలు ప్రొటెస్టెంట్లు. ఆదివారం వేటకు వెళ్ళరు, ఏ పనీ ముట్టరు. వల వెదురు దండెం మీద ఆరేసి ప్రార్థనకు వెళ్తారు. అది తెలిసే, రాత్రి గడిపే ముందు పగలు ఒకసారి ఊగి చూద్దామని ఆ రోజు వెళ్ళి, వల తీసి చెట్లకు కట్టాను.

పది నిమిషాలు హాయిగా ఊగాను. పక్కకు తిరిగేసరికి బెల్టు బకిల్ దారాల్లో చిక్కుకుని వల కళ్ళు రెండు మూడు తెగాయి. విడిపించుకోబోతే ఇంకా చిరిగింది. బరువంతా ఒకే చోట పడితే ఏమవుతుందో నేను లెక్క వేయలేదు. వలను తిరిగి దండెం మీద వేస్తుండగానే వాళ్ళిద్దరూ వచ్చారు. ఆయన తెల్ల పంచెలో ఉన్నాడు, చేతిలో బైబిలు.

"ఇదేటి బాబూ, ఇలా చిరిగిపోయింది?"

"గాలికి ఎగిరి కొమ్మకు తగులుకుందండీ. తీసి వేస్తున్నాను."

ఆవిడ వలలోంచి ఒక చొక్కా గుండీ తీసి అరచేతిలో పెట్టుకుంది.

"అబ్బో, ఈ ఊరి గాలి చొక్కా తొడుక్కుని తిరుగుతుందన్నమాట!"

"ఊరుకోవే, సదూకునే పిల్లోడు" అన్నాడాయన.

నిజం చెప్పడానికి అదే సమయం. నా చొక్కాకు మూడో గుండీ లేదు. నేను చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

ఆయన బైబిలు లోపల పెట్టి, పంచె మార్చుకుని, వల అల్లే సూదితో అరుగు మీద కూర్చున్నాడు.

"ఇయ్యాల ఆదివారం కదండీ, రేపు చేసుకోవచ్చుగా?" అన్నాను.

"రేపు తెల్లారకముందే నావెక్కాల. చిల్లుల వలేస్తే చేపలు నవ్విపోతాయి."

"పెళ్ళైనకాడి నుంచీ ఆదివారం సూది ముట్టిన మనిషి కాదు" అంది ఆవిడ, నావైపే చూస్తూ.

"దేవుడితో నేను చెప్పుకుంటాలే. బాబూ, ఆ కొస లాగి పట్టుకో."

పట్టుకున్నాను. ఆయన ముడి వేసినప్పుడల్లా ఇప్పుడు చెబుదాం అనుకున్నాను. ఒక వరస అయ్యాక, ఇంకో వరస అయ్యాక అని వాయిదా వేసుకున్నాను. ఆవిడ నాకూ మజ్జిగ ఇచ్చింది. తాగాను. పొద్దు వాలేవేళకు పని అయిపోయింది. ఆయన "సాయం చేశావు బాబూ" అన్నాడు. పర్లేదండీ అన్నాను.

ఆ ఆదివారం ఆయన తిరిగి అల్లిన వల కళ్ళు డెబ్బై మూడు.