లోపలి బెజ్జం

సీట్సె బస్సు డిపోలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా బ్రేకులు బాగుచేస్తున్నాడు. ఆదివారం వస్తే అతనికి చర్చి పట్టదు. ఫ్రానెకర్ ఊరు దాటాక ఉన్న పాత బంగాళాదుంపల గోదాముకే పోతాడు. అందులో కార్పెట్ పరిచి, చెక్క గుట్టలు కట్టి, రిమోట్ కార్లతో పందేలు ఆడేవాళ్లు పాతికమంది ఉంటారు. వాళ్లలో గెర్లోఫ్ అతనికి పదిహేడేళ్ల స్నేహితుడు. ఇద్దరిదీ ఒకే బల్ల, ఒకే పనిముట్ల పెట్టె, ఒకే ఫ్లాస్కులో బఠానీ సూపు.

జాతీయ పోటీకి క్లబ్బు నుంచి ఒక్కరికే చోటు. ఆ ఆదివారం విడతలవారీగా జరిగే పరుగుల్లో, అయిదు నిమిషాల్లో ఎవరు ఎక్కువ చుట్లు తిరిగితే వాళ్లకే. సీట్సె ఎన్నడూ ఆ పోటీకి వెళ్లలేదు. ఈమధ్య కుడిచేతి వేళ్లు వణుకుతున్నాయి. వచ్చే ఏడాదికి రిమోట్ పట్టగలడో లేదో డాక్టరు చెప్పలేకపోయాడు. ఈ సంగతి భార్యకు ఇంకా చెప్పలేదు. గెర్లోఫ్‌కు చెప్పాడు.

పొద్దున సాధనలో కారు వెనక భాగం ప్రతి మలుపులోనూ జారింది. వెనక షాక్ అబ్జార్బర్ల పై కొసను బిగించే పలకకు ఒక్కో వైపు మూడేసి బెజ్జాలుంటాయి. లోపలి బెజ్జంలో బిగిస్తే షాక్ ఏటవాలుగా వాలి మెత్తబడుతుంది, చక్రాలు నేలను పట్టుకుంటాయి. బయటి బెజ్జంలో బిగిస్తే నిటారుగా నిలిచి గట్టిపడుతుంది. సీట్సె లోపలికే మార్చబోయాడు.

"ఆగరా బాబూ!" అన్నాడు గెర్లోఫ్, సూపు ఊదుకుంటూ. "ఇది పాత కార్పెట్ అనుకున్నావా? కొత్తగా పరిచింది. నువ్వు డ్యూటీలో ఉన్న గురువారం సాయంత్రమంతా దీనిమీదే తిప్పి చూశా. దీనిమీద లెక్క తిరగబడుతోంది. బయటికి పెట్టు."

"నీది ఎక్కడుంది?"

"బయటే. నీకు అబద్ధం చెప్తానా ముసలోడా?"

సీట్సె బయటి బెజ్జంలో బిగించాడు. అతని పరుగులో, అయిదు నిమిషాల్లో కారు నాలుగుసార్లు అదుపు తప్పి ఉన్నచోటే గిర్రున తిరిగింది. వేళ్ల వణుకే ముంచిందనుకుని చేతిని జేబులో దాచుకున్నాడు.

పరుగు ముగించినవాళ్లు తర్వాతి పరుగుకు మలుపుల దగ్గర నిలబడి, బోల్తాపడ్డ కార్లను లేపాలి. అది క్లబ్బు కట్టుబాటు. సీట్సెకు మూడో మలుపు పడింది. రెండో నిమిషంలో గెర్లోఫ్ కారు గుట్ట మీద ఎగిరి సరిగ్గా అతని కాళ్ల ముందు వెల్లకిలా పడింది. పై తొడుగు ఊడిపోయింది. సీట్సె వంగి కారును చేతిలోకి తీసుకున్నాడు. వెనక షాకులు రెండూ ఏటవాలుగా ఉన్నాయి. లోపలి బెజ్జంలో.

"లేపరా, లేపు!" కార్లు నడిపేవాళ్లు నిలబడే ఎత్తు మెట్టు మీంచి గెర్లోఫ్ అరిచాడు.

సీట్సె లేపాడు. చక్రాల మీద నిలబెట్టి, ముక్కు దారివైపు తిప్పి వదిలాడు. ఇంకో రెండు క్షణాలు చేతిలోనే ఉంచుకుంటే ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆ ఆలోచన అతనికి కారు వెళ్లిపోయాక వచ్చింది. గెర్లోఫ్ అందరికంటే ఒక చుట్టు ఎక్కువ తిరిగాడు.

చుట్లు లెక్కపెట్టే చిట్స్కె కాగితం తెచ్చింది. గెలిచినవాడు కారు అమరికలు రాసి గోడకు తగిలించాలి. "గెర్లోఫ్, దాచకుండా రాయి! పోయినసారిలా కోడిగీతలు గీశావో, నీకు కాఫీ ఉండదు."

గెర్లోఫ్ పెన్ను వెనక షాకుల గడి దగ్గర ఆగింది.

"లోపలిదని రాయి," అన్నాడు సీట్సె. "ఇందాక ఈ చేత్తోనే పట్టుకున్నా."

"అది... ఆఖర్లో మార్చాన్రా. చెప్పడానికి టైం లేకపోయింది."

"నీ మోచేతి పక్కనే కూర్చున్నా కదరా."

గెర్లోఫ్ గొంతు తగ్గించాడు. "నీ చెయ్యి ఎలాగూ..." అని ఆగిపోయాడు.

"చేతికేమైంది?" అంది చిట్స్కె.

సీట్సె బల్ల దగ్గరికి వెళ్లి, పెట్టెలోంచి తన పనిముట్లు వేరు చేయడం మొదలుపెట్టాడు. పదిహేడేళ్లలో ఏది ఎవరిదో కలిసిపోయింది. అందుకే చాలాసేపు పట్టింది.