కిటికీకి కట్టిన మల్లెదండ

నాకు ముక్కు మీద కోపం అని మా ఇంట్లో అందరూ అనేవారు. అనడమేమిటి, నిజంగానే ఉండేది. అందుకే చెల్లెలి పెళ్లికి పందిరి అలంకరణంతా నా నెత్తిన పెట్టారు. నేనైతే అరిచి గీపెట్టయినా పని చేయిస్తానని వాళ్ల ధీమా. డెబ్బైల చివరి మాట ఇది. అప్పటికి నా పెళ్లయి మూడేళ్లు, కాపురం ఛత్రినాకలో. పుట్టిల్లు గౌలిపురలో, ఎదురుగా బర్రె వస్తే మనిషి గోడకు అతుక్కుపోవలసిన సందులో. ఇంటి ముందు ఉన్న కాస్త వాకిట్లోనే షామియానా వేసి పెళ్లి. మే నెల ఎండలు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ముహూర్తం.

అమ్మ గురించి ముందే చెప్పాలి. బాపు పోయిన మరుసటి ఏడు నుంచి అమ్మకు చూపు తగ్గుతూ వచ్చి, చెల్లెలి పెళ్లినాటికి వెలుగూ చీకటీ తప్ప మరేమీ తెలిసేది కాదు. పైగా భర్త పోయిన మనిషి పెళ్లిపీటల దగ్గరికి రాకూడదని ఆచారమొకటి. ఎవరూ అనకముందే అమ్మ తానే లోపలి గదిలో కూర్చుంటానంది. నేను కొట్లాడాను. "నా బిడ్డకు మంచిగ కావాలె. నువ్వు లొల్లి పెట్టకు" అని నా నోరు మూయించింది. ఆ గదికి పందిరివైపు ఒక కిటికీ ఉండేది. అక్కడ కూర్చుంటానని చెప్పి, నన్ను ఒక్కటే అడిగింది.

"పందిరి ఎట్లున్నదో నాకు గూడ ఎర్కయ్యేటట్టు జెయ్యి బిడ్డా. ఊకె నోటితోని జెప్పుడు గాదు."

"సరే తియ్యమ్మా" అన్నాను. అన్నానే గానీ ఆ మాట చెవిన పడిందంతే, మనసుకు పట్టలేదు. నా ధ్యాసంతా మగపెళ్లివారి మీద ఉంది. సికింద్రాబాద్ మనుషులు. నిశ్చితార్థం నాడు మా సందు చూసి ఒకరి ముఖాలు ఒకరు చూసుకోవడం నా కంటపడింది. వాళ్లు నోరెళ్లబెట్టేలా పందిరి కట్టి తీరాలని ఆ రోజే పంతం పట్టాను.

దబీర్‌పురా స్టేషన్ దగ్గరి గల్లీలో ఒక పెద్దామె ఇంట్లోనే కూర్చుని సెహ్రాలు కట్టేది. ముస్లింల పెళ్లిళ్లలో పెళ్లికొడుకు ముఖం మీద వేలాడే పూలదండల ముసుగు అది. అందరం ఆమెను ఖాలా, అంటే పిన్ని అనేవాళ్లం. చూపు పోకముందు అమ్మ ఇరవై ఏళ్లు ఆమె ఇంటికి పాలు పోసింది. ఆ చనువుతోనే పూలు చెప్పడానికి వెళ్లాను. ఖాలా తడి గోనెపట్టా ముందు కూర్చుని, సూదీ గీదీ లేకుండా తడిపిన అరటినారతో మొగ్గలు అల్లుతోంది. చూపంతా నా మీదే. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"పెద్ద పెద్ద గులాబీలు గావాలె ఖాలా. మంచిగ విచ్చుకున్నయి. దూరంకెళ్లి కనబడాలె" అన్నాను.

"నక్కో బేటీ, వద్దు. ఈ ఎండలకు విచ్చుకున్న పువ్వు పందిరెక్కకముందే పాణం ఇడుస్తది. మల్లెమొగ్గలే కట్టి ఇస్త."

తర్వాత మొదలుపెట్టింది ప్రశ్నలు. ముహూర్తం ఎన్నింటికి, వాకిట్లో ఎండ ఏ గోడ మీది నుంచి దిగుతుంది, సాయంత్రం గాలి ఎటు నుంచి వస్తుంది! పూలు అమ్మే మనిషికి ఇవన్నీ ఎందుకని నాకు విసుగు. ఆఖరుకు "మీ అమ్మ ఏడ కూసుంటది?" అంది.

"లోపటి అర్రల, కిటికీ కాడ. ఆమెకు కండ్లు కనబడ్తలేవు గద ఖాలా" అన్నాను చిరాగ్గా.

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. "అచ్ఛా" అని, మళ్లీ అల్లసాగింది.

పెళ్లిరోజు మధ్యాహ్నం పూలు తెచ్చుకోవడానికి వెళ్లాను. తడిగుడ్డల్లో చుట్టిన నాలుగు పెద్ద మూటలు, ఎర్రదారం ముడి వేసిన చిన్న మూట ఒకటి నా చేతికిచ్చింది. "నీళ్లు చల్లకు. ఎండ గోడ దిగేదాంక గుడ్డ ఇప్పకు. ఎర్రదారంది మీ అమ్మ కిటికీకి. యాద్ పెట్టుకో" అంది. సాయంత్రం తానూ పెళ్లికి వస్తానంది.

ఇక నా ఘనకార్యాలు వినండి. పొద్దున్నే పతంగుల కాగితం కత్తిరించి పందిరి నిండా గులాబీరంగు గొలుసులు వేలాడదీశాను. పూలతో తిరిగొచ్చేసరికి ఎండకు కాగితం పెళుసెక్కి చిట్లుతోంది. పూల మీద నీళ్లు చల్లొద్దంది గానీ కాగితం మీద వద్దనలేదుగా! చెంబుతో నీళ్లు చిలకరించాను. సరిగ్గా అప్పుడే మేనమామ తెల్లచొక్కా వేసుకుని కింద నిలబడ్డాడు. రంగు కారి వీపంతా గులాబీ మరకలు.

"ఏందే ఇది? పెండ్లి చేస్తున్నవా, హోలీ ఆడుతున్నవా?"

నవ్వుకుంటూనే గొలుసులన్నీ నేనే పీకి పారేశాను. పందిరి బోసిపోయింది. అంతలో నాలుగు కొట్టింది, మగపెళ్లివారు దిగారు. ఎండ ఇంకా గోడ మీదే ఉంది. నాకు కాలూ చేయీ ఆడలేదు. ఖాలా చెప్పింది పక్కనపెట్టి మూటలు విప్పి దండలు కట్టించేశాను. అన్నీ ముడుచుకున్న మొగ్గలే. ఎండ తగిలే చోట కట్టిన దండ అంచులు చూస్తుండగానే గోధుమరంగుకు తిరిగాయి.

"పూలు దొరకలేదా ఏంది? అన్ని మొగ్గలే గట్టిండ్రు" అంది మగపెళ్లివారి వైపు ఒకావిడ, నాకు వినబడేలాగే.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఎర్రదారం మూట కూడా విప్పి, ఆ దండను గుమ్మానికి కట్టేశాను. అమ్మ కిటికీ గుర్తుకు రాక కాదు. వచ్చింది. 'అమ్మకు ఎలాగూ కనబడదు కదా' అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఈనాటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

ఎండ దిగాక ఖాలా వచ్చింది. ముందు లోపలికి వెళ్లి అమ్మను పలకరించి, బయటికొచ్చి నన్ను వెతుక్కుంది.

"కిటికీకి ఏం లేదేంది బేటీ?"

"గుమ్మం పల్చగ గొట్టింది ఖాలా, గాడ గట్టిన. అందరి ముందట నీ మొగ్గలతోని నా ఇజ్జత్ వొయింది" అని విరుచుకుపడ్డాను.

ఆమె కోప్పడలేదు. "పందిరి దండలు కండ్లున్నోళ్ల కోసం బిడ్డా. గదొక్కటి చేతుల కోసం గట్టిన. మీ అమ్మ పాలు పోసినప్పుడల్లా ఒక్క మల్లెమొగ్గ అడిగి తీస్కపోతుండె. మీ బాపు పోయినంక అడుగుడు బంద్ జేసింది. పెట్టుకోకపోతె మానె, ముట్టుకోవచ్చు గద అని కట్టిన."

నా తల కొట్టేసినట్టయింది. బాపు ఉన్నన్నాళ్లూ అమ్మ జడలో ఆ ఒక్క మొగ్గ ఎక్కడి నుంచి వచ్చేదో నేను ఏనాడూ అడగలేదు.

పందిట్లో పంతులు పెళ్లికూతుర్ని తీసుకురమ్మంటున్నాడు. నేను ఇనుపకుర్చీ లాక్కుని గుమ్మం దగ్గర ఎక్కాను. మామ పరుగెత్తుకొచ్చాడు.

"పిస లేసిందా నీకు? పెండ్లి యాళ్లకు గుమ్మానికి గట్టిన దండ ఇప్పుతవా? వాళ్లేమనుకుంటరు?"

"అనుకోనియ్యి మామా!" అన్నాను. మగపెళ్లివారంతా చూస్తుండగానే దండ విప్పి, తీసుకెళ్లి కిటికీ ఊచలకు కట్టి, అమ్మ చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టాను.

అమ్మ చప్పున చెయ్యి వెనక్కి లాక్కుంది. "నాకెందుకు బిడ్డా పూలు? తప్పు."

"పెట్టుకొమ్మంటలేనమ్మా. ఇది కిటికీకి గట్టింది. ఖాలా నీకని కట్టింది. ఊకె ముట్టి చూడు."

చాలాసేపటికి ఆ వేళ్లు మళ్లీ ముందుకొచ్చాయి. పాలు పితికి కాయలు కాసిన వేళ్లు, ఒక్కో మొగ్గనూ తాకుతూ నెమ్మదిగా దండ వెంట నడిచాయి. బయట మంత్రాలు. చెల్లెలిని పీటల మీద కూర్చోబెట్టారు. ఉన్నట్టుండి అమ్మ వేళ్లు ఆగిపోయాయి.

"కదులుతున్నయే" అంది, ఊపిరి బిగబట్టి. "విచ్చుకుంటున్నయి!"

నమ్మలేక నేనూ ఒక మొగ్గ మీద వేలు పెట్టాను. నా వేలి కింద ఒక రేకు మెల్లగా వదులైంది. ఒళ్లంతా ఝల్లుమంది. పుట్టినప్పటి నుంచీ మల్లెలు పెట్టుకుంటున్నాను, ఒక్కటంటే ఒక్క పువ్వు పూస్తుంటే చూసింది లేదు! తల తిప్పితే పందిరి నిండా తెల్లదనం. వాడిన అంచులు తప్ప నాలుగు వైపులా మొగ్గలన్నీ ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకుంటున్నాయి. గాలి మళ్లి ఆ వాసన ఒక్కసారిగా గదిలోకి వచ్చింది. ఇందాక మాట విసిరినావిడ నోరు తెరిచి పైకి చూస్తోంది. ఆమె మీద గెలిచానన్న సంతోషం కూడా నాకు కలగలేదు, ఆమె సంగతే మరిచిపోయాను. గట్టిమేళం మోగింది, తాళి పడింది. అక్కగా చెల్లెలి పక్కన ఉండాల్సినదాన్ని, కిటికీ దగ్గర అమ్మ చేతి పక్కన చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాను. అమ్మ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, వేళ్లు మాత్రం పూల మీది నుంచి తీయలేదు.

ఆ తర్వాత మా సందులో, ఛత్రినాకలో ఎన్నో పెళ్లిళ్లకు పందిరి పూలు నేనే చూసుకున్నాను. ఏ ఇంటికి వెళ్లినా మొదట అడిగేది ఒకటే, పందిట్లోకి రాలేనివాళ్లు ఎవరైనా ఉన్నారా, ఎక్కడ కూర్చుంటారు అని.

చెల్లెలి పెళ్లయిన నాలుగో రోజు ఊరి నుంచి ఆలస్యంగా వచ్చిన చుట్టమొకామె అమ్మ పక్కన కూర్చుని, "పెండ్లి మంచిగయిందట గద వదినా" అంది.

"మస్తుగయింది" అంది అమ్మ. "నేను చూసిన గద."