స్వభావ పరీక్షలో నేను తప్పిన వైనం

లెక్కలొస్తే చాలు, ఉద్యోగం నడిచొస్తుందని గట్టిగా నమ్మిన రోజులవి. నడవడం నాకే కష్టం (చిన్నప్పుడే పోలియో, ఎడమ చంకలో కర్ర), ఉద్యోగానికేం? ఆదోనిలో ఒక పత్తి మిల్లు ఆఫీసులో గుమాస్తా పనికి లెక్కల పరీక్ష రాసి నెగ్గాను. మా ఇంట్లో మగ్గం మూలపడింది, అమ్మ ఆశంతా నా మీదే. ఇక మిగిలింది స్వభావ పరీక్ష. దానికోసం పట్నం నుంచి ఒక మేడమ్ ప్రశ్నల పేపరు పట్టుకుని వచ్చింది. 'దారిలో అందరూ మిమ్మల్నే చూస్తున్నట్లు అనిపిస్తుందా?' అవును అని పెట్టాను (అనిపించడమేమిటి, చూస్తారు). 'ముక్కూమొహం తెలియనివాళ్ళు మీ సొంత విషయాల్లో తలదూరుస్తారా?' అవును. 'కొత్త చోటికి వెళ్ళాలంటే బెదురా?' మెట్లుంటే బెదురే కాబట్టి, అవును.

"మీకు అనుమానం, బెదురు ఎక్కువండీ. ఈ ఉద్యోగానికి సరిపోతారని రాయలేను," అంది మేడమ్, పాపం, తనే బాధపడుతూ. నాకు ఒళ్ళు మండింది. "మా ఎమ్మిగనూరు బస్సు దాకా నాతో ఒకసారి రాండి మేడమ్," అన్నాను. మొహమాటానికి వచ్చింది. బస్టాండులో మూట పక్కన కూర్చున్న అవ్వ నన్ను కిందికీ మీదికీ చూసింది. "కాలికేమైంది నాయనా? మంత్రాలయం పోయి మొక్కుకోలేదా? పెండ్లయిందా?" అని వరసగా అడిగి, మేడమ్ వైపు తిరిగింది. "నువ్వేమైతావమ్మా ఈయప్పకు, పెండ్లామా?"

"కాదవ్వా."

"కాకపోతే ఈడిదాకా యెందుకొచ్చినావు?"

బస్సు కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. మేడమ్ చున్నీ సర్దుకుని, "అందరూ నన్నే చూస్తున్నారండీ," అంది నెమ్మదిగా.

"అనిపిస్తాందా మేడమ్, నిజంగా సూస్తాండారా?" అన్నాను.

ఆమె నవ్వింది. ఇంతలో బస్సు కదిలింది. నాకు బెదురు లేదని చూపించుకోవాలి కదా, కండక్టరు చేయి అందిస్తే విదిలించుకుని, రెండు చేతులా కమ్మీ పట్టుకుని ఎక్కేశాను. కర్ర కిందే ఉండిపోయింది. మేడమ్ దాన్ని పట్టుకుని బస్సు వెనక పరుగెత్తింది. కిటికీలోంచి అందిస్తూ, రొప్పుతూ, "సోమవారం రండి. ఆ పేపరు పక్కన పెట్టి మాట్లాడుకుందాం," అంది.

మాట్లాడుకున్నాం, ఉద్యోగం వచ్చింది. అమ్మ వీధంతా బొరుగులు, బెల్లం పంచింది. ఇప్పుడు నాకు నలభై దాటాయి, ఎవరు చేయి అందించినా హాయిగా పట్టుకుని బస్సెక్కుతాను. కర్ర లేకుండా కూర్చుని, ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి బింకంగా చూసిన ఆ కుర్రాడు గుర్తొస్తే మాత్రం, వాడి పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.