ఇరవై నట్లు, ఇరవై ఒక్క గీతలు

ఆటోనగర్‌లో మా చక్రాల మేస్త్రిగారు పోయారు. పోయిన బుధవారం సెకండియర్ పిల్లలకు లెక్క చెబుతుండగా ఫోను మోగింది. క్లాసులో నేను ఫోను ఎత్తను. కానీ మోగుతున్నది మేస్త్రిగారి కొడుకు నంబరని చూసి వరండాలోకి వచ్చాను. "మేడమ్, నాన్నగారు తెల్లారి నమాజుకి లేచారండీ. కాళ్ళు కడుక్కుంటా అక్కడే కూలబడిపోయారు. ఇంక లేవలేదండీ" అన్నాడతను. ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తు లేదు. తిరిగి లోపలికి వెళ్ళి బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తి చేశాను. బిగించడం మొదలుపెట్టిన చక్రం పూర్తయ్యేదాకా ఎవరు పిలిచినా ఆయన పలికేవారు కాదు. నేనూ ఆ లెక్కను సగంలో వదల్లేకపోయాను.

లెక్కల లెక్చరరుకీ చక్రాల మేస్త్రికీ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. పటమటలో మా వీధి వీధంతా అడిగింది. నలభై ఆరేళ్ళ వయసులో నేను రెండే సీట్లున్న ఎర్ర స్పోర్ట్స్ కారు, సెకండ్ హ్యాండ్‌దే అనుకోండి, కొనుక్కున్నాను. "మరి నేనెక్కడ కూర్చోవాలి?" అన్నారు మావారు. "మీకు స్కూటరుంది కదా" అన్నాను. రెండో సీటు మా అమ్మాయిది. ప్రతి ఆదివారం దాన్ని కూచిపూడిలో డాన్సు క్లాసుకు తీసుకెళ్ళి తీసుకురావడం నా పని. నాకు వారం మొత్తంలో అంతకంటే ఇష్టమైన పని మరొకటి లేదు.

ఒక ఆదివారం పామర్రు దాటాక గుంటలో పడి ఎడమవైపు ముందు చక్రం పెళ్ళున చిట్లింది. అదృష్టం, మెల్లగానే వెళుతున్నాం. ఆ రోజే నిర్ణయించుకున్నాను, నాలుగు చక్రాలూ మార్చేసి ఫోర్జ్‌డ్ వీల్స్ వేయించాలని. నేను ఏదైనా చేస్తే సగం సగం చేయను. రెండు నెలలు చదివాను. కొలతలన్నీ పట్టికలు గీసుకుని, ఇరవై అంగుళాల చక్రాలు ఎంచుకుని, ఆ కాగితాల కట్టతో మేస్త్రిగారి షెడ్డుకు వెళ్ళాను. ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా ఆయన దగ్గరికే పంపారు.

తెల్ల గడ్డం, మోచేతుల దాకా మడిచిన చొక్కా. నా కాగితాలు ఒక్కొక్కటీ మర్యాదగా చూసి, మర్యాదగా పక్కన పెట్టారు.

"అంతా బావుందండీ. మీరు తిరిగే రోడ్డేది?"

"కాలేజీకి కంకిపాడు. ఆదివారం కూచిపూడి."

"ఇందులో ఆ రోడ్డు లేదు కదండీ" అన్నారు, నా కాగితాలు చూపిస్తూ.

నాకు మండింది. ఆయన మాత్రం నవ్వుతూనే చెప్పారు. "అంగుళాలు పెంచితే ఫొటో బాగుంటదండీ. టైరు పల్చనైపోద్ది. అప్పుడు గుంట టైరుకి కాదు, రిమ్ముకి తగులుద్ది. పద్దెనిమిది చాలు. ఫోర్జ్‌డ్ అన్నారు చూడండి, అది మాత్రం ఒప్పు. పోత పోసింది ఇడ్లీ లాంటిదండీ, లాగితే విరుగుద్ది. ఒత్తి చేసింది పరోటా, లాగితే సాగుద్ది."

నేను ఇంటికి వచ్చి మళ్ళీ లెక్కలు వేశాను, ఆయన తప్పని నిరూపించడానికే. పద్దెనిమిదే సరైనదని తేలింది. మర్నాడు వెళ్ళి ఆ మాట చెబితే, "లెక్క కూడా ఒప్పుకుందన్నమాట" అన్నారు. కించిత్తు కూడా గర్వం లేదు ఆ గొంతులో. అదే నాకు ఇంకా ఒళ్ళు మండించింది.

ఆర్డరు పెట్టేముందు ఆయన చేసిన పని ఒకటి చెప్పాలి. అదే కొలత చక్రం ఒకటి ఎక్కడినుంచో అరువు తెచ్చారు. టిఫిన్ డబ్బాలోంచి గోధుమపిండి ముద్ద తీసి బ్రేకు మీద అంటించారు. చక్రం తగిలించి చేత్తో ఒక చుట్టు తిప్పి, విప్పి, నలిగిన పిండి మందం వేళ్ళతో చూశారు. "చక్రానికీ బ్రేకుకీ మధ్యన చపాతీ మందమన్నా ఉండాలండీ" అన్నారు. నా పట్టికలో అయిదు మిల్లీమీటర్లని రాసుకున్న ఖాళీ అదే. పిండి ఎవరు కలిపారని అడిగితే, "మా ఇంటావిడ. పనికని చెప్పి పిండి తెస్తా, తినడానికని రెండు చపాతీలు కూడా పెడద్ది" అన్నారు.

చక్రాలు వచ్చిన రోజున మా అత్తయ్యగారు పూజ చేస్తానని బయలుదేరారు. కొత్త వాహనమైనా కొత్త చక్రమైనా ఆవిడకు ఒకటే. మేస్త్రిగారి షెడ్డులో నిమ్మకాయలు ఎప్పుడూ ఉండేవి. బండి షెడ్డు దాటే ముందు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టడం ఆ వీధిలో అందరికీ అలవాటు. తెచ్చుకోవడం మరిచిపోయినవాళ్ళ కోసం ఆయనే అట్టేపెట్టేవారు.

మధ్యాహ్నం ఆయన నమాజుకు వెళ్ళారు. గీతలు పడకుండా కొత్త చక్రాలను పాత బొంత మీద బోర్లా పెట్టి ఉంచారు. అత్తయ్యగారు పసుపు తడిపి, పైకి కనిపిస్తున్న ఆ వెనక భాగానికే దట్టంగా పులిమి బొట్లు పెట్టారు. సరిగ్గా కారుకు ఆనే చోట. నేను చూస్తూనే ఉన్నాను. అక్కడ ఏ పొరా ఉండకూడదని చదివాను కూడా. కానీ పెద్దావిడ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటుంటే ఎలా చెప్పేది? పల్చటి పొరే కదా అనుకున్నాను.

మేస్త్రిగారు వచ్చి చూశారు. నా వైపు ఒక్క చూపు. "లెక్కలు తెలిసిన మీరు చూస్తా ఊరుకున్నారా?" అన్నారు మెల్లగా. తర్వాత అత్తయ్యగారి దగ్గరికి వెళ్ళారు.

"అమ్మా, బొట్టు నుదుట పెడతాం గానీ కంట్లో పెట్టం కదండీ. ఇది చక్రానికి కన్ను. ఎండిపోయి పొడైతే నట్టు వదులైపోద్ది."

"పెట్టిన పసుపు తుడిచేస్తారా?" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"నేను తుడవనండీ. మీ చేత్తోనే తుడవండి. బిగించాక పైన మీ ఇష్టమొచ్చినంత పెట్టండి."

ఉతికిన గుడ్డ ఇచ్చి, ఆవిడ తుడుస్తున్నంతసేపూ పక్కకు తిరిగి నిలబడ్డారు. ఆ తర్వాత బిగించడం మొదలుపెట్టారు. నట్లు బిగించే గాలి గన్ను ఆయన ముట్టుకునేవారు కాదు. "గన్నుకి చెవులుండవండీ" అనేవారు. కావలసినంత బిగువు రాగానే టిక్కుమనే పొడుగాటి రెంచి ఆయనది. చక్రానికి అయిదు చొప్పున ఇరవై నట్లు, ఇరవై టిక్కులు. ప్రతి నట్టు మీంచి చక్రం మీదికి తెల్ల పెయింటుతో ఒక సన్న గీత. "నట్టు కదిలితే గీత విరుగుద్దండీ. నూరు కిలోమీటర్లు తిరిగాక ఒకసారి తీసుకురండి. మర్చిపోవద్దు" అన్నారు.

మర్చిపోయాను. మర్చిపోయాను అనడం కూడా అబద్ధం. ఆదివారం అమ్మాయిని ఎక్కించుకుని కూచిపూడి వెళ్ళి వచ్చాను, నూరు దాటింది. కారు వెన్నలా నడిచింది. పరీక్ష పేపర్లు దిద్దాలి, వచ్చే వారం చూద్దాంలే అనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం ప్యూను వచ్చి, ఎవరో సాయిబుగారు నా కారు దగ్గర కూర్చున్నారని చెప్పాడు. వెళ్ళేసరికి మేస్త్రిగారు స్కూటరు మీద గోనెసంచిలో రెంచి వేసుకుని ఆటోనగర్ నుంచి వచ్చి ఉన్నారు. ఎడమవైపు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఒక నట్టు చూపించారు. గీత విరిగింది. నట్టు మీది ముక్క ఒకచోట, చక్రం మీది ముక్క ఇంకోచోట, మధ్యలో గోరంత ఎడం.

అది మా అమ్మాయి కూర్చునే వైపు.

ఆయన చక్రం విప్పారు. ఆ నట్టు కంత చుట్టూ ఎండిన పసుపు పెళ్ళ. గీకి, తుడిచి, వేలితో తడిమి చూసి, మళ్ళీ గుడ్డ పెట్టి తుడిచారు. నేను క్షమించమని అడగబోతుంటే ఆపేశారు.

"తప్పు నాదండీ. పెద్దావిడ తుడిచాక నేను మళ్ళీ చూడాల్సింది. చూస్తే ఆవిడని అనుమానించినట్టు ఉంటదని మొహమాటపడ్డా. రెండ్రోజుల్నించి అదే గుర్తొస్తా ఉంది. చక్రం దగ్గర మొహమాటం పనికిరాదు మేడమ్."

ముగ్గురం పెద్దవాళ్ళం. ముగ్గురిలో ఇద్దరికి విషయం తెలుసు. ఇద్దరమూ మర్యాదకు పోయాం. ఆ మర్యాద మీద కూర్చుని నా బిడ్డ కూచిపూడి వెళ్ళి వచ్చింది. ఇంతటి భయం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నట్లన్నీ మళ్ళీ బిగించారు. మిగతావి పాత గీతల దగ్గరే ఆగాయి, కింద పసుపు పొర పోయిన ఆ ఒక్కటి మాత్రం గీత దాటి బిగిసింది, దానికి కొత్త గీత గీశారు. నేను పాత గీత చెరపబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఉండనివ్వండి. నాక్కూడా గుర్తుండాలి" అన్నారు. ఆ తర్వాత ఏడాదిన్నరలో ఎన్నిసార్లు ఆ కారు తీసుకెళ్ళినా ముందు ఆ నట్టు దగ్గరే కూర్చుని, దాని రెండు గీతల మీదా మళ్ళీ పెయింటు అద్దేవారు. నాకైతే ఆ రోజు నుంచీ నోరు బాగా లేచింది. స్టాఫ్ మీటింగుల్లో తప్పును తప్పనే అంటున్నాను. కొందరికి నచ్చడం లేదు. మేస్త్రిగారి పుణ్యమేనని వాళ్ళకు తెలియదు. ఆయన నాకు చక్రాలు బిగించిన మనిషి మాత్రమే కాదు, నాకు పాఠం చెప్పిన మేష్టారు కూడా. బతికుండగా ఆ మాట ఆయనతో అనలేదు. అక్కడ మాత్రం మళ్ళీ మొహమాటపడ్డాను.

గురువారం వాళ్ళింటికి వెళ్ళి ఆయన భార్య పక్కన కాసేపు కూర్చున్నాను. "పిండి మేడమేనా?" అని అడిగారావిడ. అవునన్నాను. పిండి ఎవరు కలిపారని నేనడిగిన మాట ఆయన ఇంట్లో చెప్పారన్నమాట. ఇద్దరం ఏడ్చాం.

నిన్న ఆదివారం. బయలుదేరబోతుంటే అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని గేటు దాకా వచ్చారు. "మేస్త్రిగారి గీతలు చూసుకున్నారా?" అన్నారు. మా అమ్మాయి వంగి, ఒక్కో చక్రం దగ్గర వేలు పెట్టి లెక్కపెడుతూ కారు చుట్టూ తిరిగింది. వానలకూ కడుగుళ్ళకూ మిగతా గీతలు మసకబారాయి కానీ ఏదీ విరగలేదు. చివరికి తన వైపు ముందు చక్రం దగ్గర ఆగింది.

"ఇరవై ఒకటి" అంది.

ఆ నట్టు మీద కొత్త గీత తిన్నగా ఉంది. దాని పక్కనే ఆయన చెరపనివ్వని పాత గీత, గోరంత ఎడంతో, రెండు ముక్కలుగా ఇంకా తెల్లగా ఉంది.