జడ మేస్త్రీ

ఆ షెడ్డులో ఇద్దరు మగవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర నిలబడి కూడా, మధ్యలో ఉన్న ఆడమనిషితో చెప్పించుకుంటారు. ఆమె ఒకరికి భార్య, ఇంకొకరికి అక్క. ముందు గదిలో స్పేర్ పార్టుల కౌంటరు ఆమెదే. "మీటరు తీసినచోట పెట్టమని మీ తమ్ముడికి చెప్పు" అని మొగుడంటే, "నా దగ్గర లేదని బావకి చెప్పక్కా" అని తమ్ముడంటాడు. అందరికీ వినపడిన మాటనే ఆమె మళ్లీ ఒకసారి చెప్పాలి. చెప్పకపోతే పని ఆగిపోతుంది.

మొగుణ్ని అందరూ జడ మేస్త్రీ అంటారు. కార్లకు వైరింగ్ చేస్తాడు. ఎన్ని వైర్లున్నా పాయలు తీసి, ఆడపిల్లకు జడ వేసినట్టు బిగించి అల్లి, ఇంజన్ పక్క నుంచి ఒకే వరసన పోనిస్తాడు. బానెట్ ఎత్తినవాళ్లు ముందు ఆ జడనే చూడాలి. చూడకపోతే తనే చూపిస్తాడు. పొగిడితే ముఖం గంటు పెట్టుకుంటాడు, పొగడకపోతే మనసులో పెట్టుకుంటాడు. అదీ మనిషి.

బావమరిది ల్యాప్‌టాప్ మనిషి. పాత కార్ల కార్బురేటర్ పీకేసి, బయట కొన్న ఇంజెక్షన్ కిట్టు బిగించి, పెట్రోలు ఎప్పుడెంత చిమ్మాలో అంకెలు వేస్తాడు. కారు పరిగెడితే ఘనత అంకెలది, ఆగితే తప్పు వైర్లది. ఈ ముక్క ఒకరోజు అన్నం తింటూ అననే అన్నాడు. "బావ జడ అందంగానే ఉంటుందక్కా. అందంతో ఇంజన్ నడవదు." మేస్త్రీ తింటున్న కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. మళ్లీ అతనితో నేరుగా మాట్లాడలేదు.

ఈసారి గొడవ తెచ్చింది పళ్ల డాక్టరమ్మ. వారమంతా పళ్లు పీకి, ఆదివారాలు రేసుల్లో కారు తోలే మనిషి. ఈ షెడ్డులోనే కిట్టు బిగించిన ఆమె కారు ఊళ్లో తిప్పితే చక్కగా నడిచేది. రేసులో గట్టిగా తొక్కినప్పుడు మాత్రం దగ్గి, చచ్చి, మళ్లీ అంటుకునేది. మొన్న మలుపులో అలాగే చచ్చింది. వెనక వస్తున్న కారు ఆమె డిక్కీని గీరుకుంటూ పోయింది.

"వాడు ఒక్క క్షణం ఆలస్యంగా తిప్పి ఉంటే నేనిక్కడ ఉండేదాన్ని కాదు" అంది డాక్టరమ్మ. "మీ ఇద్దరి తగువూ నాకు అక్కర్లేదు. తప్పు ఎక్కడుందో చూడండి."

బావమరిది తెర మీంచి కళ్లెత్తలేదు. "అక్కా, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే సెన్సార్ ఉంది కదా. దాని కబురు కంప్యూటర్‌కి తప్పుగా చేరుతోంది. వైరింగ్ చూడమని చెప్పు."

"చూశానని చెప్పు. ఫ్యూజులు, రిలేలు, ఎర్తు, అన్నీ మీటరు పెట్టి చూశాను. అంకెలు చూసుకోమను."

"అంకెలు మార్చి మార్చి చూశాను. వైర్లే."

బయటి మనిషి ముందు ఆ మాటనేసరికి మేస్త్రీకి ఒళ్లు మండిపోయింది. "తప్పు నా వైర్లలో ఉంటే ఈ షెడ్డులో మళ్లీ కటింగ్ ప్లేయర్ ముట్టుకోను. లేదంటే వాడు ల్యాప్‌టాప్ మూసుకుని బయటికి నడవాలి. చెప్పు."

ఆమె ముక్క పొల్లుపోకుండా చెప్పింది. "సరేనన్నానని చెప్పక్కా" అన్నాడు తమ్ముడు.

మర్నాడు మధ్యాహ్నం అతను భోజనానికి వెళ్లిన సమయం చూసి, మేస్త్రీ కిట్టు డబ్బా వెతికాడు. ఆ సెన్సార్‌కి అదనంగా ఇచ్చిన వైరు అడుగున ఉంది. పైన సన్నని లోహపు జాలీ తొడుగుతో బిర్రుగా ఉంటుంది. మొదట బిగించినప్పుడు అసలు వైరుకీ ఇలాంటి తొడుగే ఉండేది. ఎంత వంచినా పాయలో ఇమడకపోతే, విసుగొచ్చి తొడుగు ఒలిచి పారేసి, వట్టి వైరును జడలో అల్లాడు. అందులో తప్పేముందో అప్పుడూ తోచలేదు, ఇప్పుడూ తోచలేదు. ఈ కొత్త వైరును అన్నిటికీ దూరంగా, దండెం కట్టినట్టు ఇంజన్ మీంచి వేలాడదీశాడు. ఇప్పుడు కూడా ఇంజన్ దగ్గితే, ఇక వైరింగ్‌ని అనడానికి ఎవడికీ నోరుండదు. బావమరిదిని ఏమని సాగనంపాలో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు.

గట్టిగా తొక్కాడు. దగ్గలేదు. మళ్లీ తొక్కాడు. ఇంజన్ హాయిగా అరిచింది. కొత్త వైరు పీకి పాతది తగిలించి తొక్కాడు. దగ్గి చచ్చింది.

మేస్త్రీ ఫెండర్ మీద చతికిలబడ్డాడు. నిప్పురవ్వ పుట్టించే కాయిల్ వైర్లు కూడా అదే జడలో ఉన్నాయి. అవి ఉరిమినప్పుడల్లా ఆ రొద, దాన్ని ఆపే తొడుగు పోయి పక్కనే బట్టలు లేకుండా పడున్న సెన్సార్ వైరు చెవిలో పడుతోంది. మీటరు ఏం చూపిస్తుంది? వైరు తెగలేదు, అరగలేదు. సావాసం చెడ్డది. ఆ సావాసం కలిపినవాడు తనే.

ఎవరూ చూడలేదు. పాత వైరు అలాగే ఉంచేస్తే తప్పు ఎవరికీ దొరకదు, బావమరిది పీడ వదులుతుంది. అబద్ధమెందుకు, ఆ ఆశ మేస్త్రీ నోట్లో తియ్యగానే ఊరింది. ఊరుతుండగానే డిక్కీ మీద గీత కంటపడింది. ఆ గీత కాస్త ముందుకు జరిగి ఉంటే సీటు దాకా వచ్చేది. ఛీ అనుకుని లేచాడు. సెన్సార్ల వైర్లను వేరుచేసి పక్కగా పోనివ్వడానికి, తన చేతులతో వేసిన జడను మొదలంటా కత్తిరించాడు.

బావమరిది వచ్చేసరికి కత్తిరించిన ముక్కలు నేలంతా ఉన్నాయి, తొడుగున్న కొత్త వైరు కాయిల్ వైర్లకు దూరంగా బిగించి ఉంది. అతను కారులో కూర్చుని తొక్కిచూశాడు. ఎంత తొక్కినా దగ్గు లేదు. కౌంటరు దగ్గరున్న ఆమె కూడా లేచి వచ్చింది.

"ఒరేయ్" అన్నాడు మేస్త్రీ. ఆ కంచం రోజు తర్వాత నేరుగా అన్న మొదటి మాట అదే. "వైర్లే."

బావమరిది ఇంజన్ ఆపి దిగాడు. అక్క వైపే చూశాడు. "అక్కా, ప్లేయర్ ముట్టుకోనన్నది ఆయనే, నేను కాదు. ఆ సంగతి ఆయనకి చెప్పు."

ఆమె మొగుడి వైపు తిరిగింది. చెప్పబోయి, తమ్ముడి వైపే తిరిగింది.

"ఆయనకి వినపడిందిరా" అంది.

మేస్త్రీ కౌంటరు దాకా నడిచి కటింగ్ ప్లేయర్ దాని మీద పెట్టాడు. చెయ్యి మాత్రం వెంటనే తియ్యలేకపోయాడు.