ల్యాప్‌టాప్ ఫ్యాను తీసిన ఊపిరి

ముందుగా ప్రభువు నామానికి స్తోత్రం. మట్టికి ఊపిరిచ్చినవాడు ఆయనే. ఇచ్చిన ఊపిరిని వెనక్కి తీసుకునే హక్కూ ఆయనదే. ఈ మాట మొదట్లోనే రాసేస్తున్నాను. చివరికి వచ్చేసరికి ఇంత గట్టిగా చెప్పే బలం నాకు ఉంటుందో లేదో తెలియదు.

నేను దయ్యాలను ఎన్నడూ నమ్మలేదు. అమలాపురం దగ్గర మా సంఘంలో నాన్నగారు పెద్ద. సండే స్కూల్లో ఆయనే మాకు వాక్యం నేర్పారు. అపవిత్రాత్మలు ఉన్నాయని లేఖనం చెబుతుంది కాబట్టి ఆ సంగతి నమ్ముతాను. చనిపోయినవాళ్ళు తిరుగుతారని, వస్తువుల్లో దూరతారని ఎవరైనా అంటే మాత్రం వినేదాన్ని కాదు. పైగా నేను ఐసీయూ నర్సును. ఇక్కడ సౌదీలో, జెద్దాలో ఎందరో నా కళ్ళముందే కన్నుమూశారు. ఏ మంచం దగ్గరా నాకు వింతగా ఏదీ కనిపించలేదు.

మా ఇంట్లో మేము ముగ్గురం. నేను, మావారు ప్రభాకర్, మా తమ్ముడు సన్నీ. మావారిది మా ఆసుపత్రిలోనే బయోమెడికల్ విభాగం. వెంటిలేటర్లు, మానిటర్లు పాడైతే బాగుచేసే పని. సన్నీ ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రాయింగులు గీస్తాడు. ఆ పని కోసమని, ఆటల కోసమని పెద్ద గేమింగ్ ల్యాప్‌టాప్ కొనుక్కున్నాడు. ఇటుక కంటే బరువైన చార్జరు, రంగులు మారే కీబోర్డు, వెనకవైపు వేడిగాలి చిమ్మే రెండు ఫ్యాన్లు. ఆన్ చేస్తే హాలంతా దాని హోరే.

సాయంత్రం పని నుంచి రాగానే సన్నీ హెడ్‌సెట్ పెట్టుకుని దమ్మామ్‌లో ఉన్న స్నేహితులతో ఆడుకుంటూ కూర్చునేవాడు. చెవులు మూసి ఉంటాయి కాబట్టి ఫ్యాను చప్పుడు వాడికి వినిపించేది కాదు. వినిపించేది వంటగదిలో ఉన్న నాకు.

ఒక సాయంత్రం చపాతీ పిండి కలుపుతున్నాను. ఉన్నట్టుండి నా చేతులు ఆగిపోయాయి. హాల్లో ఫ్యాను మెల్లగా మొదలై, అంతకంతకూ పెరిగి, పెద్దదై, మళ్ళీ తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగిపోయింది. కాసేపు నిశ్శబ్దం. తర్వాత మళ్ళీ మెల్లగా మొదలైంది.

ఐసీయూలో పనిచేసినవాళ్ళకు ఈ వరస పరిచయమే. మెదడు గాని గుండె గాని చేతులెత్తేస్తున్న మనిషి ఇలా ఊపిరి తీస్తాడు. చిన్నగా, పెద్దగా, మళ్ళీ చిన్నగా, ఆ తర్వాత ఏమీ ఉండదు. ఆ ఖాళీలో పక్కన నిలబడ్డవాళ్ళు కూడా ఊపిరి బిగబడతారు.

మావారిని పిలిచాను.

"ఏవండీ, ఇది వినండి."

"ఏం వినాలి? ఫ్యాను."

"ఆఖరి ఊపిరిలా లేదూ?"

"డ్యూటీ హాస్పిటల్లోనే వదిలేసి రావే. ఇక్కడ మంచాలు ఖాళీ లేవు," అన్నారు.

అయినా ఆయన తేలిగ్గా వదిలేయలేదు. యంత్రం ఏదైనా తేడాగా మోగితే ఊరుకునే మనిషి కాదు. వేడెక్కితే ఫ్యాను పెరుగుతుందని, చల్లబడితే తగ్గుతుందని, లోపల దుమ్ము పేరుకుని, ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు ఎండిపోతే ఇలా ఎక్కుతూ దిగుతూ ఉంటుందని వివరించారు. ఇక్కడి గాలిలో ఇసుక ఎలా ఉంటుందో తెలిసిందే. కిటికీలు ఎంత బిగించినా పొద్దునకల్లా బల్ల మీద పొర కడుతుంది. ఆయన చెప్పింది సబబుగానే తోచింది.

మర్నాడు కింది మూత విప్పారు. ఫ్యాను రెక్కల వెనక బూడిదరంగు దుమ్ము చాపలాగా పట్టి ఉంది. సన్నీ నోటితో ఊదబోతే ఆయన చేయి అడ్డం పెట్టారు.

"ఒరేయ్, ఊదకు. తడి తగులుద్ది."

"మీ పేషెంటు కదా బావా, మీ ఇష్టం," అన్నాడు సన్నీ నవ్వుతూ.

ఫ్యాను తిరిగిపోకుండా వేలితో పట్టుకుని బ్రష్‌తో దులిపారు. పాత పేస్టు స్పిరిటుతో తుడిచి కొత్తది పెట్టారు. మూత బిగించి ఆన్ చేస్తే ఆ పూట చక్కగా నడిచింది. సాయంత్రానికి మళ్ళీ అదే ఊపిరి.

ఈసారి ఆయన వేడి చూపించే ప్రోగ్రామ్ పెట్టి చూశారు. తెరమీద వేడి గీత తిన్నగా ఉంది. ఎక్కడం లేదు, దిగడం లేదు. ఫ్యాను మాత్రం లేస్తోంది, ఆగుతోంది. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుంటూ కూర్చోవడం నాకు గుర్తుంది.

కంప్యూటర్ బజారులో ఒక పాకిస్తానీ మెకానిక్ దగ్గర రెండు ఫ్యాన్లూ కొత్తవి వేయించారు. అతను రోజంతా నడిపి చూశాడు. మేము తీసుకోవడానికి వెళ్ళినప్పుడు, "బాజీ, మషీన్ బిల్కుల్ ఠీక్ హై. ఆప్ లోగ్ వహమ్ కర్తే హైఁ," అన్నాడు. మా అనుమానమే తప్ప యంత్రంలో లోపం లేదని. అతని దుకాణంలో నిజంగానే హోరు ఒకే తీరుగా ఉంది. ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టి స్విచ్ వేశాం. చిన్నగా, పెద్దగా, మళ్ళీ చిన్నగా. ఖాళీ.

అప్పటి నుంచి నాకు ఒకటే భయం. అది సన్నీ వస్తువు. రోజూ దానిముందు కూర్చునేది వాడు. ఆ ఊపిరి ఎవరిదైనా అయితే అది వాడిదే అయి ఉండాలి. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు. నేనే పట్టుబట్టి ఈ దేశం రప్పించాను.

వాణ్ణి మా ఆసుపత్రికి లాక్కెళ్ళాను. ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు అన్నీ చేయించాను. ఏ దోషమూ లేదు. ఎడారిలో సైటు పనికి కంపెనీ పంపిస్తానంటే బతిమాలి ఆపించాను. భోజనం దగ్గర వాడి గోళ్ళు నీలం తిరిగాయేమోనని చూసేదాన్ని.

"అక్కా, జబ్బు దానికి, నాకు కాదు. దానికెళ్ళి ఆక్సిజన్ పెట్టు," అనేవాడు.

ఈ దేశంలో చర్చిలు లేవు, మేము గుంపుగా కూడుకోము. సెలవురోజైన శుక్రవారం ఉదయం ముగ్గురం ఇంట్లోనే వాక్యం చదువుకుని ప్రార్థన చేసుకుంటాం. ఆ శుక్రవారాలన్నీ సన్నీని మధ్యలో మోకరింపజేసి వాడి తలమీద నేను, మావారు చేతులుంచేవాళ్ళం.

అలాంటి ఒక శుక్రవారం ప్రార్థన అయ్యాక సన్నీ సరుకులకని బయటికి వెళ్ళాడు. మావారు ల్యాప్‌టాప్ మళ్ళీ విప్పారు. చార్జరు తీసేశారు. వైరు ఊడదీసి బ్యాటరీని కూడా బయటికి తీసి నా చేతికిచ్చారు. పవర్ బటన్ నొక్కి పట్టుకుని, మిగిలిన కరెంటు కూడా పోయిందని చూసుకున్నారు. పట్టపగలు. కిటికీలోంచి ఎండ నేరుగా బల్ల మీద పడుతోంది.

రెండు ఫ్యాన్లూ తిరగడం మొదలుపెట్టాయి.

మొదట ఏసీ గాలి అనుకున్నాం. ఆయన లేచి ఏసీ ఆపారు. తిరిగొచ్చి పేపరు న్యాప్‌కిన్ ఒకటి బల్ల పైన వేలాడదీసి చూశారు. అది కదల్లేదు. ఫ్యాన్లు మాత్రం వేగం అందుకుని, తగ్గి, ఆగాయి. మళ్ళీ కదిలాయి. తీసిన బ్యాటరీ నా చేతిలోనే ఉంది.

ఆయన అరచేయి గాలి వచ్చే చోట పెట్టారు. అలాగే ఉంచారు.

"వెచ్చగా ఉంది," అన్నారు.

అప్పటికి రాత్రి నుంచీ దాన్ని ఆన్ చేయలేదు. నేనూ చేయి పెట్టి చూశాను. లోపలి రాగి గొట్టాలు చల్లగా ఉన్నాయి. బయటికొచ్చే గాలి వెచ్చగా, కొంచెం తడిగా ఉంది. తడి అన్న మాట నేను ఇక్కడ ఊరికే రాయడం లేదు. నర్సుగా ఎందరి ముక్కు దగ్గర చేయి పెట్టి చూశానో నాకు తెలుసు.

ఆయన గబగబా మూత బిగించారు. "సన్నీకి చెప్పకే," అన్నారు.

తర్వాతి శుక్రవారం ఎప్పటిలాగే సన్నీ తలమీద చేతులుంచాం. ఆయన ప్రార్థన ముగించే ముందు, "ప్రభువా, ఈ పిల్లవాడి మీదికి వచ్చేది ఏదైనా ఉంటే అది నా మీదికి రానివ్వు," అన్నారు.

మా సంఘాల్లో ఇలాంటి ప్రార్థన కొత్త కాదు. తల్లులు పిల్లల కోసం చేస్తారు. నేను ఆమేన్ అన్నాను. సన్నీ మాత్రం కళ్ళు తెరిచి, "అదేంటి బావా, అలా అడుగుతారా ఎవరైనా?" అన్నాడు.

"నువ్వు పెళ్ళి చేసుకుంటే వెనక్కి తీసుకుంటాలేరా," అన్నారు ఆయన. ముగ్గురం నవ్వుకుని టిఫిను తిన్నాం.

ఆ వారంలోనే మావారు ఆసుపత్రి వర్క్‌షాపులో, రోగులకు మందు ఎక్కించే పంపు ఒకటి బాగుచేస్తూ కింద పడిపోయారు. అప్పుడు నేను పై అంతస్తులో డ్యూటీలో ఉన్నాను. కొత్త కేసు వస్తోంది, మంచం సిద్ధం చేయమన్నారు. చేశాను. మందులకని స్టోరులోకి వెళ్ళి వచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. ఎవరొచ్చారో నాకింకా తెలియదు. తెర ఇవతల నిలబడే ఆ ఊపిరి విన్నాను. చిన్నగా, పెద్దగా, మళ్ళీ చిన్నగా. ఖాళీ ఎంతసేపు ఉంటుందో కూడా నాకు ముందే తెలుసు. ఇన్నాళ్ళూ మా హాల్లో విన్నదే.

తెర తీశాను, మంచం మీద ఉన్నది మావారు.

మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. పుట్టుకతోనే అక్కడ బలహీనంగా ఉండి ఉంటుందని, ఎప్పుడైనా జరగవచ్చని డాక్టరు ఓపికగా చెప్పారు. మర్నాటి మధ్యాహ్నానికి ఆయన వెళ్ళిపోయారు. కాగితాలన్నీ పూర్తయి, ఆయన్ను ఊరికి చేర్చి, సమాధి చేసి, నేనూ సన్నీ తిరిగి వచ్చాం. ఉద్యోగాలున్నాయి కాబట్టి రాక తప్పలేదు.

తిరిగొచ్చాక ల్యాప్‌టాప్ ఆన్ చేసి చూశాను. ఒకసారి కాదు, చాలాసార్లు. ఫ్యాన్లు మామూలుగా ఒకే హోరుతో నడుస్తున్నాయి. బ్యాటరీ తీసి, మూత విప్పి చూశాను. కదల్లేదు. చేయి పెట్టాను. ఏమీ లేదు.

డాక్టరు చెప్పింది నేను ఒప్పుకుంటాను. ఆయన ఎలా పోయారో అది చెబుతుంది. కరెంటు లేని ఫ్యాను ఎందుకు తిరిగిందో, ఆ గాలికి తడి ఎక్కడిదో చెప్పదు. దేవుడే ముందుగా తెలియజేశాడని మా పాస్టరుగారు ఫోనులో అన్నారు. అలాగైతే ఎవరి సంగతో ఎందుకు తెలియజేయలేదు? ఆ రోజుల్లో పరీక్షలన్నీ నేను సన్నీకే చేయించాను. పక్కనే నిలబడ్డ మనిషికి ఒక్కసారి బీపీ కూడా చూడలేదు. ఇది దేవుని పని కాదంటే మరెవరి పని? ఆత్మలను పరీక్షించుకోమని చిన్నప్పుడు నేర్చుకున్నాను. పరీక్షించి చూశాను. నాకు జవాబు దొరకలేదు.

నేను ఇదంతా రాస్తున్నది ఆ జవాబు కోసం కాదు, సన్నీ కోసం.

వాడు ఇప్పుడు సరిగ్గా తినడు. పనికి వెళ్తాడు, వస్తాడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఒకరోజు నేను గట్టిగా అడిగితే చెప్పాడు.

"అది నా ఊపిరేనక్కా. బావ అడిగాడు, దేవుడు ఇచ్చేశాడు. నేను ఆయనది వాడుకుంటున్నాను."

"అలా మాట్లాడకురా. దేవుడు అలా మార్చి ఇవ్వడు," అన్నాను.

"మరి మనం నమ్మేది ఏంటి? ఒకరి బదులు ఒకరు పోవడమేగా."

నాన్నగారి దగ్గర ఇన్నేళ్ళు వాక్యం నేర్చుకున్నదాన్ని. అందరి కోసం ఒక్కడే, ఒక్కసారే ప్రాణం పెట్టాడని, ఇంకెవరూ పెట్టనక్కర్లేదని చెప్పాను. మాటలు సరైనవే. నా గొంతే సరిగ్గా లేదు. అది వాడికి తెలిసిపోయింది.

శుక్రవారం ప్రార్థనకు రమ్మంటే వస్తాడు, తలుపు దగ్గర నిలబడతాడు. చేయి చాపితే వెనక్కి తగ్గుతాడు. "ఇంకెవరూ నా తలమీద చేయి పెట్టొద్దు," అంటాడు. పోయినవారం వాడి దిండు కింద నిద్రమాత్రలు దొరికాయి. తీసి పారేశాను. ఇప్పుడు వాడు పడుకున్నాక తలుపు దగ్గర కూర్చుని వాడి ఊపిరి వింటున్నాను.

ఇది చదువుతున్న మీరు ఎవరైనా సరే, ఎక్కడున్నా సరే, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. వాడి తలమీద చేయి ఉంచనక్కర్లేదు, దూరం నుంచే చాలు. ప్రభువా, మేము ఎవరి బదులూ ఎవరినీ ఇవ్వము, అడగము. ఈ పిల్లవాడు తీసే ఊపిరి వాడిదేనని వాడికి నువ్వే చెప్పు. మేము చెబితే నమ్మడం లేదు. ఆమేన్.